నున్నగా మెరిసిన తురుముపీట

హిందూపురంలో మాకు పాత్రల అంగడి ఉంది. మా నాయన పెట్టింది. ఆయన తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా నేనే కూర్చుంటున్నాను. బిందెలు, తపేలాలు, చెంబులు, కుక్కర్లు, ఇత్తడి దీపపు కుందులు, వాటితోపాటు ఒక మూల అరలో తురుముపీటలు. ఇన్నేళ్ళలో ఎన్ని తురుముపీటలు అమ్మి ఉంటానో నాకే తెలియదు. కాని పోయిన ఏడాది దాకా ఒక్క టెంకాయ చిప్పనైనా నా చేత్తో తురిమి ఎరగను. తురుముపీటతో నేను చేసిన ఘనకార్యం మా వీధిలో ఇప్పటికే అందరికీ తెలుసు. నా భార్య నోట్లో నువ్వు గింజ నానదు. ఆమె చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పెరుగుతోంది కాబట్టి, అది అంగడి కప్పు దాటకముందే జరిగింది జరిగినట్టు నేనే రాసి పెట్టుకుంటే మంచిదనిపించింది.

పాత్రను ఎంచుకోవడం మా నాయన నేర్పిన విద్య. ఎడమ అరచేతిలో బోర్లించి కుడిచేతి వేలి కణుపుతో తట్టాలి. ఖంగుమనాలి. బరువు చూడాలి, మెరుపు చూడాలి. చివరగా అంచు మీద బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పాలి, ఎక్కడా గీసుకోకూడదు. బిందెకూ చెంబుకూ ఈ పరీక్షను మించింది లేదని ఇప్పటికీ అంటాను. నా తప్పల్లా అదే పరీక్ష తురుముపీటలకు కూడా పెట్టడం. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళతో, "బరువు చూడమ్మా, నీ మనవరాలి దాకా వస్తాది. అంచు ఎంత నున్నగుండాదో చూడు, చెయ్యి తెగదు" అనేవాడిని. చెయ్యి తెగని తురుముపీటకు టెంకాయ మాత్రం ఎట్లా తెగుతుందని ఎవరూ అడగలేదు. అడిగినా ఒప్పుకునేవాడిని కాదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇంత చెప్పే నా ఇంట్లో మా అంగడి తురుముపీట ఒక్కటి కూడా నిలవలేదు. ఒకసారి కొత్తరకం స్టీలుది తెచ్చి ఇస్తే నా భార్య అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాది, గోడకు తగిలించుకుందాం" అంది. ఆమెది ధర్మవరం. ఆమె వాడేది వాళ్ళమ్మ తురుముపీట. కూర్చోవడానికి తుమ్మచెక్క పీట, దాని ముందు పైకి వంగిన ఇనుప పట్టీ, పట్టీ కొసన అరచంద్రంలా విచ్చుకున్న పళ్ళు. ఆ ఇనుము నల్లగా ఉండేది. ఎంత నలుపంటే, అది సబ్బు మొహం చూసి ఎన్నేళ్ళయిందో అనిపించేది.

అది మా ఇంటికి వచ్చిన రోజు నాకు గుర్తుంది. మా అత్తకు అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. కుడిచెయ్యి వణకడం మొదలైంది. మేము ధర్మవరం పోయినప్పుడు ఆమె ఆ తురుముపీటను తెచ్చి నేల మీద పెట్టి పక్కకు జరిగింది. ఇనుము వస్తువు చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు కదా, అందుకని. నా భార్య వంగి తీసుకుంది. "నా చేతి పని అయిపోయినాది. ఇంగ నీ చేతిది" అంది మా అత్త. ఆ తర్వాత ఆమె ఉన్నన్నాళ్ళూ టెంకాయ ముట్టుకోలేదు, వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుని చూసేది. నా భార్య ఆ మాట మరచిపోలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నా భార్య తురుముతుంటే చూడాలి. చిప్పను రెండు చేతులతో పట్టి, ప్రతి రాపిడికీ రవ్వంత తిప్పుతూ పోతుంది. తెల్లది అయిపోయి గోధుమరంగు పొర కనిపించే ముందు ఆగుతుంది. "నల్లది తగిలితే చట్నీ చేదొస్తాది" అంటుంది. ఆ తురుము చిత్రాన్నంలో పడ్డా, కోసంబరిలో పడ్డా, ఓళిగల్లో పూర్ణమైనా, తినేవాడికి పంటి కింద ఒక్క పలుకు తగలదు. తురమడం అయిన వెంటనే, టెంకాయ పాలు ఆరకముందే, పీటను బోర్లించి రెండు తట్లు తడుతుంది. నీళ్ళు పోసి, టెంకాయ పీచును చిన్న కుంచెలాగా కట్టుకున్నది ఒకటి ఉంది, దాంతో పళ్ళ సందుల్లో లోపలి నుంచి బయటికే తోస్తుంది. ఎప్పుడూ అడ్డంగా రుద్దదు. గుడ్డతో తుడిచి, పొయ్యి దగ్గర కాసేపు పెట్టి, చివరికి ఒక్క చుక్క శనగనూనె వేలితో పూస్తుంది. ఇంత సేవ చేసినా అది నల్లగానే ఉండేది. పాత్రలు అమ్మేవాడి ఇంట్లో అంత నల్లటి వస్తువు ఉండటం నాకు కంట్లో నలుసులాగా ఉండేది. "చింతపండు పెట్టి తోమే" అంటే, "మీ అంగడికి మీరు పెద్ద, నా వంటింటికి నేను పెద్ద" అనేది.

పోయిన ఏడాది ఆమె ధర్మవరంలో వాళ్ళక్కను చూసి తిరిగి వస్తూ, పెనుకొండలో బస్సు మారడానికి దిగేటప్పుడు మెట్టు తప్పి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు వేశారు. ఆ ఆరు వారాలూ నేను వండాను, ఆమె వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని చెప్పింది. చెప్పింది అనడం మర్యాదకోసం. ఉప్పు డబ్బా ఏదో, సోడా డబ్బా ఏదో ముప్పై ఏళ్ళ కాపురంలో తెలుసుకోని మనిషికి ఏమేం చెప్పాలో అన్నీ చెప్పింది. పప్పుల పొడి, టమేటా పప్పు, నిమ్మకాయ అన్నంతో రోజులు గడిపాం. టెంకాయ జోలికి పోలేదు. నేను ముక్కలు కోసి మిక్సీలో వేస్తానంటే ఒప్పుకోలేదు.

"మిక్సీలో ముక్కలేసి తిప్పితే అది చట్నీ కాదు, గోడకు పూసే గార. కట్టు విప్పిన దినం నేనే తురుముతా. ఆ దినం దాకా నోరు కట్టుకోండి."

ఈ మాట డాక్టరుతో చెప్పింది, పక్కింటివాళ్ళతో చెప్పింది, ఫోనులో వాళ్ళక్కతో వారానికి రెండుసార్లు చెప్పింది. వినీ వినీ నాకూ ఆ రోజు పండుగలాగా అనిపించసాగింది. ఆ పండుగకు నా వంతుగా ఏదైనా చేయాలనిపించింది. అక్కడే కొంప మునిగింది.

అంగడి వెనక గదిలో మాకొక పాలీషు మిషను ఉంది. పాత ఇత్తడి కుందులు, గంటలు, పూజ పళ్ళేలు తెచ్చిస్తే దాని మీద మెరిపించి ఇస్తాను. ఆ పనిలో నాకు పేరుంది. పరిగి నుంచి కూడా తెచ్చిస్తారు. కట్టు విప్పే ముందురోజు మధ్యాహ్నం, ఆమె నిద్రపోతుండగా, తురుముపీటను గుడ్డలో చుట్టి అంగడికి తీసుకుపోయాను. గరుకు చక్రం మీద పెట్టాను. రవ్వలు లేచాయి. ఏళ్ళ తరబడి పట్టిన నలుపు పొడిగా రాలిపోయి కింద నుంచి తెల్లటి ఇనుము బయటపడింది. నాకు ఉత్సాహం పెరిగింది. గుడ్డ చక్రం మీద పెట్టి, పాలీషు సబ్బు పట్టించి, మెరుపు తెచ్చాను. చివరగా అలవాటు ప్రకారం అంచు మీద బొటనవేలు పెట్టి తిప్పాను. పళ్ళ కొసలు గీసుకున్నాయి. మా అంగట్లో ఏ అంచు గీసుకున్నా ఊరుకోను. మళ్ళీ గరుకు చక్రం మీద పెట్టి, ఒక్కొక్క పన్నునూ ఓపికగా, వేలికి తగలకుండా పోయేదాకా నున్న చేశాను. పని అయ్యాక ఎత్తి చూసుకుంటే నా మీద నాకే ముద్దొచ్చింది.

ఇంటికి తెచ్చి ఆమె ముందు పెడితే ఆమె కళ్ళు విప్పార్చి చూసింది. "అబ్బా, ఎంత బాగుండాది! మొగం చూసుకోవచ్చు. మా అమ్మ కాలంలో కూడా ఇంత మెరుపు చూడలేదప్పా" అంది. ఆ ఒక్క మాటకే నేను రెండు రోజులు పొంగిపోయి ఉండేవాడిని. ఆ రెండు రోజులు నాకు దక్కలేదు.

మరుసటి రోజు కట్టు విప్పారు. లోపలి నుంచి వచ్చిన చెయ్యి సన్నబడి, పొట్టు రేగి, ఎవరిదో చెయ్యిలాగా ఉంది. ఎముక బాగా అతుక్కుందని, రోజూ స్పాంజి బంతి నొక్కితే పట్టు వస్తుందని డాక్టరు చెప్పాడు. ఇంటికి రాగానే ఆమె టెంకాయ కొట్టమంది. కొట్టి ఇచ్చాను. తురుముపీట మీద కూర్చుని చిప్పను పట్టింది. రాసింది. ఏమీ రాలలేదు. ఇంకొంచెం బలంగా రాసింది. పళ్ళ మీద తెల్లగా పూత పూసినట్టు అంటుకుంది తప్ప కింద పెట్టిన తట్టలో పడలేదు. పెదవి కొరుక్కుంటూ పదిసార్లు రాసేసరికి చెంచాడు ముద్ద వచ్చింది. తురుము కాదు, ముద్ద. ఆమె ఆగి, చిప్పను ఒళ్ళో పెట్టుకుంది.

"చెయ్యి పట్టడంలే" అంది.

ఆ మాట వినగానే నేను పెద్దమనిషిలాగా, "ఆరు వారాలు కట్టులో ఉండిన చెయ్యి, అప్పుడే ఎట్ల వస్తాది? మెల్లగా వస్తాదిలే" అన్నాను. ఎంత ప్రేమగా అన్నానో ఇప్పటికీ నాకు తెలుసు. ఆ ప్రేమే ఆమెను ముంచింది. నేను అట్లా అనకపోయి ఉంటే ఆమె పీట వైపు చూసేదేమో. వేళ్ళకు ఇంకా తిమ్మిరి ఉండటంతో పళ్ళను తాకి చూసినా ఆమెకు తేడా తెలిసే స్థితి లేదు. పైగా భయం ముందే మనసులో ఉంది, దానికి సాక్ష్యం దొరికింది, ఇంకేం వెతుకుతుంది?

నాలుగు రోజులు వరుసగా కూర్చుంది. పొద్దున బంతి నొక్కేది, తర్వాత చిప్ప పట్టుకునేది. నాలుగో రోజు తురుముపీటను కడిగి తుడిచి, బియ్యం డ్రమ్ము వెనక పెట్టేసింది. ఏమైందని అడిగితే కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "మా అమ్మకు యాభై ఎనిమిదికి పోయినాది చెయ్యి. నాకూ ఇప్పుడు యాభై ఎనిమిదే" అంది. అప్పుడు అర్థమైంది నాకు, ఇది చట్నీ సంగతి కాదని. ఆమె లెక్కలో ఆమె చేతి పని అయిపోయింది, ఇక వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుని చూడటమే మిగిలింది. చపాతీ పిండి కలిపితే కాస్త గట్టిగా వచ్చినా, "చూడండి, ఇది కూడా" అనేది. ఆ రోజుల్లో ఇల్లు నాకు అసలు బాగుండలేదు.

నేను పాత్రలవాడిని. నాకు తెలిసిన మందు ఒకటే, కొత్త వస్తువు. రోజుకొకటి చొప్పున అంగట్లో ఉన్నవన్నీ ఇంటికి మోశాను. నాలుగు వైపులా నాలుగు రకాల రంధ్రాలున్న డబ్బా తురిమేది తెచ్చాను. దానికి టెంకాయను చిప్ప నుంచి ఊడదీసి ముక్కలు చేయాలి, ఆ ముక్కలు ఆమె పట్టులేని వేళ్ళ నుంచి జారిపోయాయి. క్యారెట్టుకు మాత్రం బాగుందంది. బండకు బిగించి చేత్తో తిప్పేది తెచ్చాను. ఎడమచేత్తో తిప్పింది, గిన్నెడు తురుము పడింది. నేను చప్పట్లు కొట్టబోతే, "దీంతో చిన్నపిల్లోళ్ళు కూడా తురుముతారు. చెయ్యి లేనోళ్ళ కోసం చేసినారు దీన్ని" అని పక్కన పెట్టింది. సులువుగా తురిమే వస్తువు ఇస్తే ఆమెకు సంతోషం కాదు, చెయ్యి పోయిందనడానికి ఇంకో రుజువు.

ఆ మోతలో నా అంగడి సరుకు గుట్టు మాత్రం నాకు తెలిసింది. నేను ముప్పై ఏళ్ళుగా బరువు చూసి మెచ్చుకున్న తురుముపీటల్లో సగం పనికిమాలినవి. రేకును మడిచి అతికించిన చోట తురుము దూరి, ఎంత కడిగినా రాక, రెండో రోజుకు పులిసిన వాసన వేసేవి. కింద రబ్బరు కాళ్ళు లేనివి బండ మీద జారేవి. పిడి రేకుదైతే తడిచేతికి నిలవదు. కడగడం నా వంతే కాబట్టి ఇవన్నీ నా వేళ్ళకు తెలిసివచ్చాయి. తీగపీచుతో అడ్డంగా రుద్దితే పీచు పళ్ళకు చిక్కుకుని ఊడి వస్తుంది. క్యారెట్టు మరకకు ముందు నూనె గుడ్డ, తర్వాత సబ్బు. బెల్లం తురిమిన దాన్ని రుద్దకూడదు, వేడినీళ్ళలో కాసేపు వదిలేస్తే అదే కరుగుతుంది.

బెంగళూరులో ఉద్యోగం చేసే ఒకమ్మాయి అంతకుముందెప్పుడో అంగడికి వచ్చి జెస్టర్ ఉందా అని అడిగింది. నాకు తెలియదంటే ఆమె ఫోనులో బొమ్మ చూపించింది. సన్నటి రంపంలాంటి పట్టీ, నిమ్మకాయ మీది పచ్చటి తొక్కను మాత్రం గీకేది. "నిమ్మతొక్క గీకేదానికి కూడా ఒక వస్తువా!" అని నవ్వినా, వ్యాపారం కదా, అరడజను తెప్పించాను. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు, అవి అట్లాగే ఉండిపోయాయి. ఒకటి ఇంటికి తెస్తే నా భార్య దాని మీద అల్లం గీకింది, వెల్లుల్లి గీకింది. నార రాకుండా గుజ్జు మాత్రమే దిగింది. "ఇది మంచిది. దీన్ని నిమ్మకాయకు యాల తగలేస్తారో" అంది. ఆ రోజుల్లో ఆమె నవ్వింది ఆ ఒక్కసారే. ఇప్పుడు నేను వాటిని అల్లం గీకేవని చెప్పి అమ్ముతున్నాను, బాగానే పోతున్నాయి.

కట్టు విప్పి ఇరవై రోజులైంది. ఒక శుక్రవారం పొద్దున ఆమె ఫోనులో వాళ్ళక్కతో మాట్లాడటం విన్నాను. "ఆదివారం వస్తావు కదా అక్కా, అమ్మ తురుముపీట తీసుకపో. నీ కోడలికి ఇయ్యి. ఈడ పెట్టుకోని ఏం జేయాల, చూసినప్పుడల్లా అమ్మ చెయ్యే గుర్తొస్తాది" అంది. గొంతు మామూలుగానే ఉంది.

ఇంట్లో నుంచి వస్తువు పోతున్నప్పుడు శుభ్రంగా పోవాలి కదా, కనీసం అది చేద్దామని, ఆమె గుడికి పోయినప్పుడు డ్రమ్ము వెనక నుంచి తురుముపీటను బయటికి తీశాను. తుడిచాను. ఇంకా మెరుస్తూనే ఉంది. ఫ్రిజ్జులో సగం టెంకాయ ఉంటే, ఎందుకో తెలియదు, పోయే ముందు ఒకసారి నేనైనా దీని మీద తురుముదామనిపించింది. పీట మీద కూర్చుని చిప్ప పట్టి రాశాను.

రాలలేదు.

మూట బిందెలు ఒక్క చేత్తో అటక మీదికి ఎక్కించేవాడిని నేను. పళ్ళు బిగబట్టి రాశాను. పళ్ళ మీద తెల్లగా పూత పూసింది. ఆమె చేతిలో చూసిన ముద్దే నా చేతిలోనూ వచ్చింది. చిప్ప పక్కన పెట్టి పళ్ళ మీద బొటనవేలు తిప్పాను. లోటా అంచులాగా నున్నగా, ఎక్కడా గీసుకోకుండా, వేలు చుట్టూ తిరిగి వచ్చింది. నేను జీవితమంతా మెచ్చుకున్న నునుపు అది. ఇరవై రోజులుగా ఆమె తన చెయ్యి పోయిందని ఏడుస్తోంది. పోయింది చెయ్యి కాదు, పళ్ళు. వాటిని పోగొట్టింది నేను.

శనివారం పొద్దున్నే అంగడి తెరవకుండా కత్తులు సానబట్టే ఆయన దగ్గరికి పోయాను. ఆయన చూసి, "ఇది సానతో అయ్యే పని కాదు, పళ్ళు కొత్తగా కోయాల. పెనుకొండలో కొడవళ్ళకు కక్కులు కోసే కమ్మరి ఉండాడు, ఆయన తావకి పో" అన్నాడు. బస్సెక్కాను. హిందూపురంలో ఎవరికీ తెలియకుండా పని అవుతోందని లోపల కొంచెం సంతోషం కూడా.

కమ్మరి నాకంటే పెద్దవాడు. కొట్టంలో గోనె మీద కూర్చుని ఉన్నాడు. తురుముపీటను వెలుగులోకి తిప్పి చూసి, "ఎవురప్పా ఈ పని చేసింది?" అన్నాడు.

"ఎవడో పని తెలియనోడు" అన్నాను.

"పని తెలియనోడు కాదు సామీ. బాగా తెలిసినోడే. పళ్ళ సందుల్లో కూడా పాలీషు పట్టించినాడు చూడు. ఇంత నున్నగా చేయాలంటే ఊరికే వస్తాదా?" అని, ఆకురాయి అందుకుంటూ నా మొహం వైపు చూశాడు. "మీది హిందూపురంలో పాత్రల అంగడి కదా? మా ఇంటామె మీ తావనే తురుముపీట తెచ్చుకొనె. బో బరువు. అది టెంకాయ మీద పెడితే టెంకాయకు కితకితలు పెట్టినట్ల ఉంటాది కానీ తురమదు."

ఆయన ముక్కోణపు ఆకురాయి పెట్టి పన్నుకూ పన్నుకూ మధ్య ఆ పక్క నాలుగు రాపిళ్ళు, ఈ పక్క నాలుగు రాపిళ్ళు చొప్పున చాలాసేపు చేశాడు. ప్రతి పన్నునూ తన అరచేతి మీద రవ్వంత గీసి చూసుకున్నాడు. ఇచ్చేటప్పుడు, "నూనె పూసుకుంటా ఉంటే మళ్ళా నల్లగా అవుతాది. అయితే కానియ్యి. నలుపుంటే తుప్పు రాదు. ఇంగ మిషను తావకి పోనీయొద్దు" అన్నాడు. నేలమీద పెట్టాడు, నేను తీసుకున్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్కలు వేసుకున్నాను. నిజం దాచిపెట్టను, ఆ లెక్కలు నా పరువు లెక్కలు. ఇంటికి పోయి, "ఒకసారి ప్రయత్నించు" అంటాను. తురుము పడుతుంది. "చూశావా, బంతి నొక్కితే పట్టు వచ్చింది" అంటాను. ఆమె సంతోషపడుతుంది. నా పాలీషు సంగతి ఎవరికీ తెలియదు. ఆమెకు కావలసింది ఆమెకు వస్తుంది, నా మర్యాద నాకు మిగులుతుంది. ఎందులో తప్పుందో నాకు కనిపించలేదు. హిందూపురం వచ్చేదాకా ఈ మాటలే మనసులో అభ్యాసం చేసుకున్నాను.

ఇంట్లో ఆమె పప్పు కడుగుతోంది. టెంకాయ కొట్టి, తురుముపీటను వాల్చి, "ఒక్కసారి కూర్చో" అన్నాను.

"వద్దండీ."

"ఒక్కసారే. పట్టు వచ్చిందేమో చూద్దాం."

"వద్దంటాండా కదా. రేపు అక్క వస్తాది, తీసుకపోతాది. శానా కష్టపడి మనసు గట్టి చేసుకున్నా. మళ్ళా దాని మీద కూర్చోబెట్టొద్దండి" అంది. నేను కదలకపోయేసరికి తడిచెయ్యి ఎత్తి నాకు చూపించింది. "ఇది చూడండి. ఇది అయిపోయినాది. మా అమ్మది అయిపోయినట్లే. మీరు ఇంగ ఊరికే ఆశ పెట్టొద్దు."

బస్సులో నేర్చుకున్న మాటలన్నీ నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ చేతిని అట్లా పట్టుకుని నిలబడిన మనిషికి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"నీ చెయ్యి బాగుండాదే" అన్నాను. "పోగొట్టింది నేను. మెరవాలని మిషను మీద పెట్టి పళ్ళు అరగదీసినా. నిన్న నేను తురిమి చూసినా, నా చేతికి కూడా రాలేదు. పొద్దున పెనుకొండకు పోయి పళ్ళు కోయించుకొచ్చినా."

కొళాయి నీళ్ళు పప్పు గిన్నె నిండి పొర్లుతున్నాయి. నేనే పోయి కట్టేశాను.

"మీ చేతికి కూడా రాలేదా?" అంది.

"రాలేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చి పీట మీద కూర్చుంది. చిప్పను రెండు చేతులతో పట్టి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, రాసింది. సర్రుమంది. తట్టలో తెల్లగా, పొడిపొడిగా పడింది. రవ్వంత తిప్పి ఇంకోసారి రాసింది. మళ్ళీ పడింది. ఆమె నా వైపు చూడలేదు. ఆ చిప్ప అయిపోయింది, రెండో చిప్ప అందుకుంది. అదీ అయిపోయింది. ఇంకో టెంకాయ కొట్టమని చెయ్యి చాచింది.

"చాలే, చట్నీకి ఇంత ఎందుకు?" అన్నాను.

"గమ్మునుండండి."

కొట్టి ఇచ్చాను. ఆ టెంకాయ కూడా సగం అయ్యాక ఆగింది. ఊపిరి పీల్చుకుంటూ కుడిచేతిని ఎత్తి ముందూ వెనకా తిప్పి చూసుకుంది. తురుము అంటుకున్న ఆ వేళ్ళను ఎడమచేత్తో మెల్లగా నిమిరింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. నన్ను తిడుతుందని నేను తల వంచుకుని నిలబడ్డాను. ఎన్ని తిట్లయినా తినడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఇరవై దినాలు నిన్ను ఊరికే తిట్టుకున్నానే" అంది.

అది నాతో కాదు, తన చేతితో అంది.